పుస్తకం తెరిచే ఉంది, మనసు ఎక్కడుంది?

"తెలివైనవాడేనండీ, కాస్త మనసు పెడితే చాలు." పేరెంట్స్ మీటింగుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులు తరచూ వినే మాట ఇది. ఇంటికొచ్చాక అది "మనసు పెట్టి చదువు" అనే మందలింపుగా మారుతుంది. మనసు ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లవాడు సాంఘిక శాస్త్రం పుస్తకం తెరుస్తాడు, రెండో పేరాకే ఊహల్లోకి జారిపోతాడు. గంటన్నర తర్వాత అమ్మ తొంగి చూస్తే పుస్తకం తెరిచే ఉంటుంది.

ఇలాంటి పిల్లలకు ఏకాగ్రత లేదనడం సరికాదు. నచ్చిన బొమ్మ గీస్తుంటే అన్నానికి పిలిచినా వినపడదు. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌నే చూడండి. ఆయన 1904లో స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరారు. గణితంలో మునిగిపోయి మిగతా సబ్జెక్టులు పట్టించుకోక ఆ స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా, నాటి ఇంటర్ స్థాయి పరీక్ష ఎఫ్.ఏ. గట్టెక్కలేదు. ఆయనకు ఏకాగ్రతకు కొదవా? అదంతా ఒకే వైపు వెళ్లింది. అలాగని "మార్కులదేముందిలే" అనుకోవడమూ పొరపాటే. డిగ్రీ లేని ఆయన ఉద్యోగం కోసం చాలా గడపలు ఎక్కాల్సి వచ్చింది.

కళ్లు కదిలితే చాలనే పనిలోనే మనసు సులువుగా జారిపోతుంది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం అలాంటి పనే. చురుకైన బుర్రకు అందులో చేయడానికి ఏమీ ఉండదు. అందుకే పిల్లల స్వభావాన్ని కాదు, ముందు చదివే పద్ధతిని మార్చాలి.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ చదివారు, మరికొందరు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లు మెరుగ్గా రాశారు. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

దీన్ని ఇంట్లో ఇలా పాటించవచ్చు. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో రెండు పేజీలు చదివి పుస్తకం మూసెయ్యాలి. బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, నాలుగు ముక్కలు రాయాలి. పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలయ్యాక లేచి నాలుగడుగులు వేయాలి. మధ్యలో ఏదైనా ఊహ తడితే పక్కనున్న కాగితం మీద ఒక్క ముక్కలో రాసి మళ్లీ పనిలో పడాలి. ఆ ఊహ ఎక్కడికీ పోదన్న ధీమా ఉంటే దాని వెంట అప్పుడే పరుగెత్తనక్కర్లేదు. ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి.

మొదలుపెట్టడమే కష్టమైన పిల్లలకు "సాయంత్రం చదువుకుంటా" అన్న తీర్మానం పనిచేయదు. "టిఫిన్ తినగానే బల్ల దగ్గర కూర్చుని మూడో లెక్క చేస్తా" అన్నది పనిచేస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏది అన్నవి ముందే తేలిపోతే ఆలోచనలో పడే సందు తగ్గుతుంది.

పెద్దలూ ఒక ప్రశ్న మార్చుకోవాలి. "ఎంతసేపు చదివావు?" అని అడిగితే పిల్లలు కూర్చోవడం నేర్చుకుంటారు. "ఇవాళ చూడకుండా ఏం రాశావు, చూపించు" అని అడిగితే చదవడం నేర్చుకుంటారు. పక్కింటి అమ్మాయి ర్యాంకు ప్రస్తావన వద్దు.

నిద్ర సంగతీ చూడాలి. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. ఈ వయసులో నిద్ర వేళే కాస్త ఆలస్యమవుతుంది. పన్నెండింటికి పడుకున్నవారిని అయిదింటికే లేపితే, క్లాసులో పరధ్యానంగా కనిపించేది నిద్రమత్తే కావచ్చు.

చిన్నప్పటి నుంచీ ఇంట్లోనూ బడిలోనూ వస్తువులు పారేసుకోవడం, చెప్పింది మరిచిపోవడం, మొదలుపెట్టిన పని వదిలేయడం ఉంటే అది ధ్యాస నిలవనివ్వని సమస్య, ఏడీహెచ్‌డీ కావచ్చు. అల్లరి చేయని పిల్లల్లో, ముఖ్యంగా అమ్మాయిల్లో, దాన్ని తరచూ ఎవరూ గమనించరు. అప్పుడు మందలింపులు ఆపి పిల్లల మానసిక వైద్యులను కలవాలి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే వారానికే బెడిసికొడతాయి. ఈ వారానికి ఒక్క సబ్జెక్టు, రోజుకు ఒక్క పాతిక నిమిషాలు చాలు. ఆ సబ్జెక్టు ఏదన్నది మాత్రం పిల్లలే తేల్చుకోవాలి.