టైరు అరుగుదలను బట్టి దోషము గుర్తించుట

ఎడ్లబండి చక్రము వంకరగ తిరిగినప్పుడు మన పెద్దలు ముందుగ ఇరుసును, సీలను చూచెడివారేగాని, చక్రమునకు వేసిన యినుపపట్టాను నిందించెడివారు గారు. ఇప్పుడు ఆత్రేయపురము పరిసరములలో ననేక సభ్యుల యిండ్లముందు కార్లు నిలుచుచున్నవి. కాని టైరు ఒకప్రక్క అరిగినంతనే “సరకు మంచిది కాదు” అని క్రొత్తది వేయించుటయే వాడుకైనది. మేమును ఆ పొరపాటు చేసినవారమే. మా కారు ఎడమ ముందుచక్రపు టైరును రెండేండ్లలో రెండుమారులు మార్చితిమి. మార్చిన దుకాణమువారు కారణము చెప్పలేదు, మేమును అడుగలేదు. మూడవమారు స్టీరింగును పూర్తిగ త్రిప్పి లోపలివైపు చూచితిమి. వెలుపలి గాడులు క్రొత్తవానివలె నుండెను. లోపలి యంచున ఉక్కుతీగలు బయటపడి యుండెను. అట్టి టైరుతోనే అంతకు ముందురోజు వానలో కాలువగట్టుమీద పిల్లలను తీసికొని వచ్చితిమి.

దోషము టైరుది గాదు, మన త్రోవది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టాలో కాలువలు విస్తరించినవి. వాని గట్లు నీటిని నిలుపుటకును పడవల రాకపోకలకును ఏర్పడినవేగాని, రెండు లారీలు ఎదురెదురుగ తప్పుకొనుటకు గాదు. మన దేశమున బండ్లు ఎడమప్రక్కను నడచును గావున, ఎదురుబండికి దారి యిచ్చునపుడు తారు దిగునవి ఎడమచక్రములే. తారంచు తెగి బెత్తెడు లోతున్నచోట దిగి, మరల వేగముగ ఎక్కినపుడు ఆ దెబ్బ స్టీరింగు కడ్డీకి తగులును. కడ్డీ కొంచెము వంగినను చాలును. కాడికి కట్టిన యెడ్లలో నొకటి ప్రక్కకు లాగినట్లు, ఆ చక్రము ముందుకు దొరలుచునే ప్రక్కకు ఈడ్వబడి, మైలు మైలునకు రబ్బరు రాచుకొనిపోవును.

దీనిని కనుగొనుటకు యంత్రము అక్కరలేదు. బండి నిలిపి, తీగలు బయటపడలేదని కన్నులతో చూచుకొని, అరచేతిని టైరుమీద అడ్డముగ, వెలుపలినుండి లోపలికిని, లోపలినుండి వెలుపలికిని నిమిరి చూడుడు. వరియాకు ఒకవైపు నిమిరిన నునుపు, ఎదురు నిమిరిన చేయి కోయును. టైరును అట్లే ఒకవైపు నునుపుగను ఒకవైపు పదునుగను తగిలినయెడల, చక్రములు తిన్నగ లేవని అర్థము. ముందు చక్రముల కొనలు మిక్కిలి లోపలికి తిరిగియున్న వెలుపలి యంచులు, వెలుపలికి తిరిగియున్న లోపలి యంచులు ముందుగ అరుగును. పదును లేక ఒకయంచు మాత్రమే నున్నగ అరిగినచో, చక్రము నిలువున వాలియున్నదని అనుమానింపవలెను. ఈ రెంటికిని వీల్ అలైన్‌మెంటు చేయించుటయే మార్గము. అయితే వంగిన కడ్డీని, వదులైన కీళ్లను ముందుగ బాగుచేయింపక అలైన్‌మెంటు మాత్రము చేయించిన ఆ ఖర్చు గంగపాలు. క్రొత్త టైరు వేయించుటకు ముందే ఈ పని జరుగవలెను. లేనిచో క్రొత్తదియు పాతదాని త్రోవనే పోవును.

అరుగుదల గుంటలు గుంటలుగ నున్న, షాక్ అబ్జార్బరు బలహీనమైనదని గాని, చక్రము బ్యాలెన్సు తప్పినదని గాని తలపవలెను. కారు మూలను బలముగ క్రిందికి నొక్కి విడువుడు. ఒకసారి లేచి నిలువక ఊగుచునే యున్న, షాక్ అబ్జార్బరు పని తీరినదే.

ఇక గాలి సంగతి. నడుమ మాత్రమే అరిగిన గాలి యెక్కువ. రెండంచులు అరిగి నడుమ నిలిచిన గాలి తక్కువ. మన సభ్యుల బండ్లలో రెండవదే మెండు. గెలల కాలమున వెనుక సీట్లు మడిచి అరటిగెలలు నింపి రావులపాలెము మార్కెట్టునకు పోవువారు కలరు. కారు ఆ పనికై చేసినది గాదు. పూతరేకుల పెట్టెలైన ఎన్ని యెక్కించినను భయములేదు గాని, గెలల బరువు వేరు. డ్రైవరు తలుపు తెరచిన కనబడు చీటిపై, నిండుబరువునకు ఎన్ని పౌనుల గాలి యుండవలెనో వ్రాసి యుండును. టైరు ప్రక్కన అచ్చైన అంకె ఆ టైరు ఓర్వగల గరిష్ఠమేగాని మనము నింపవలసిన కొలత గాదు. ఈ రెంటిని కలిపి పొరబడువారు అనేకులు. బండి కొన్ని గంటలు కదలక చల్లగ నున్నపుడే, అనగా ఉదయమున, గాలి కొలువవలెను. దూరము నడచి వచ్చిన వేడిటైరులో పీడనము పెరిగి యుండును. అప్పుడు ఎక్కువైనదని విడిచిన, చల్లారినపిదప తక్కువ యగును. గాలికొలత పరికరము స్వల్పవెలకే దొరకును. సంఘపు గోదాములో ఒకటి యుంచిన సభ్యులందరకు ఉపయోగపడునని మా యభిప్రాయము.

సుమారు 10,000 కిలోమీటర్ల కొకసారి ముందు టైర్లను వెనుకకు, వెనుకవానిని ముందుకు మార్చుట మంచిది. ప్రక్కన బాణపు గుర్తు గల టైర్లను మాత్రము కుడియెడమలు మార్చరాదు.

గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మలుండును. పైభాగము అరిగి వానితో సమమైనచో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినదని తెలియవలెను. మోటారు వాహనముల నిబంధనల ప్రకారము కారునకు అంతకు తగ్గరాదు. గాడులు నీటిని ప్రక్కకు త్రోయుటకే యున్నవి. అవి లేనిచో వానలో టైరు నీటిపొరపై తేలి, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. ఒకప్రక్క కాలువ, ఒకప్రక్క పల్లపుచేను గల గట్టుమీద అది యెట్లుండునో మనకు వేరుగ చెప్పనక్కరలేదు. ఈ దిమ్మలను చూచునపుడు వెలుపలి గాడితో సరిపెట్టుకొనక, లోపలి గాడిని తప్పక చూడవలెను. ముందు చక్రములకు స్టీరింగు త్రిప్పిన చాలును. వెనుకవానిని బండి పైకెత్తినపుడు చూపుమని మెకానిక్కును అడుగుడు.

స్టెప్నీలోని గాలిని కూడ ఆ ఉదయముననే కొలువుడు. దాని ప్రక్కన అచ్చైన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును: 2319 అనిన 2019లో 23వ వారమున తయారైనదని అర్థము. అరుగకున్నను రబ్బరు యేండ్లు గడిచిన గట్టిపడి పగుళ్లు బారును గావున, పాతబడిన స్టెప్నీని నమ్మి దూరప్రయాణము చేయరాదు.