చెరపని స్క్రిప్టు రాయడం నేర్చుకో

చిరంజీవి చిట్టితల్లికి,



నీ ఉత్తరం, దానితో పంపిన స్క్రిప్టు చదివాను. లినక్స్ కెర్నెల్ సోర్సు చదవడం మొదలుపెట్టావని తెలిసి ఎంతో సంతోషించాను. రోజూ ఒక్కో ఫోల్డర్‌లోకి వెళ్లి ‘గిట్ పుల్’ కొట్టే పనిని షెల్‌కి అప్పజెప్పాలనుకోవడం మంచి ఆలోచన. కానీ నీ స్క్రిప్టు పాత ఫోల్డర్‌ను ‘ఆర్‌ఎమ్’తో తీసేసి ప్రతిసారీ కొత్తగా క్లోన్ చేస్తోంది. ఆ అలవాటు ఇప్పుడే మానుకోవాలి. ఎందుకో చెబుతాను.

2005 ఏప్రిల్‌లో, అప్పటిదాకా కోడ్ చరిత్రను దాచుకోవడానికి వాడిన బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు కెర్నెల్ డెవలపర్లకు పోయినప్పుడు, లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు. అందులో మామూలుగా చేసిన ప్రతి క్లోన్‌లోనూ ప్రాజెక్టు చరిత్ర మొత్తం ఉంటుంది. కెర్నెల్‌కైతే అది గిగాబైట్లలో లెక్క. ఒకసారి తెచ్చుకున్నాక, నీ దగ్గర లేని కమిట్లను మాత్రమే గిట్ అడిగి తెస్తుంది. రోజూ చెరిపి రోజూ తెచ్చుకుంటే నీ డేటా ఖర్చవుతుంది, సర్వర్ల మీదా అనవసరపు భారం పడుతుంది. అంతకు మించిన నష్టం ఇంకొకటి ఉంది. నువ్వు ఇంకా పుష్ చేయని కమిట్లు, స్టాష్‌లో దాచుకున్న మార్పులు, నీ సొంత బ్రాంచీలు ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. అవి పోతే ఏ సర్వరూ తిరిగివ్వదు.

ఈ ప్రమాదం ఊహ కాదు. 2015 జనవరిలో లినక్స్ మీద నడిచే స్టీమ్ అనే గేమ్స్ యాప్ స్క్రిప్టు ఒకటి, కొన్ని పరిస్థితుల్లో, వాడేవాళ్ల సొంత ఫైళ్లనే చెరిపేసిందని బయటపడింది. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలింది. దాని వెనక ఉన్న స్లాష్, నక్షత్రం మాత్రం అలాగే ఉన్నాయి. దాంతో ‘ఆర్‌ఎమ్’ రూట్ నుంచి చెరపడం మొదలుపెట్టింది. ‘సెట్ మైనస్ యు’ రాస్తే చాలనుకోకు. అది విలువే ఇవ్వని వేరియబుల్‌ను పట్టుకుంటుంది కానీ ఖాళీ విలువను పట్టుకోదు. ఖాళీని కూడా ఆపాలంటే వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెట్టి రాయాలి. వేరియబుల్ ఎక్కడ వాడినా డబుల్ కోట్స్‌లో పెట్టు. లేకపోతే పేరులో ఒక్క ఖాళీ ఉన్నా షెల్ దాన్ని రెండు పేర్లుగా విడగొడుతుంది.

ఇప్పుడు అసలు పని. నీకు కావలసిన గిట్ రిపోల పేర్లు, చిరునామాలు ఒక జాబితాగా రాసుకో. అందులోని ప్రతి రిపోను చూసి, అది ఏ స్థితిలో ఉందో ముందు తేల్చు.

ఫోల్డరే లేకపోతే క్లోన్ చెయ్యి. అయితే నేరుగా ఆ పేరుతో వద్దు. మధ్యలో కరెంటు పోతే సగం ఫోల్డర్ మిగిలి, మరుసటి రోజు స్క్రిప్టు దాన్ని పూర్తి రిపో అనుకుంటుంది. తాత్కాలిక పేరుతో క్లోన్ చేసి, విజయవంతంగా ముగిశాకే ‘ఎమ్‌వి’తో అసలు పేరుకు మార్చు.

ఫోల్డర్ ఉంటే, దానిలో డాట్‌గిట్ ఉందా, ‘ఆరిజిన్’ చిరునామా నీ జాబితాలో ఉన్నదేనా చూడు. తేడా ఉంటే ముట్టుకోకుండా చెప్పి వదిలెయ్. సరిపోతే ‘గిట్ ఫెచ్’ చెయ్యి. ఫెచ్ నీ ఫైళ్లనూ నీ బ్రాంచీలనూ కదిలించదు కాబట్టి నిర్భయంగా చేయొచ్చు. ఆ తర్వాత ‘స్టేటస్’ను ‘పోర్సెలైన్’ ఆప్షన్‌తో అడుగు. అది ఏమీ ప్రింట్ చేయకపోతే ఫోల్డర్ శుభ్రంగా ఉన్నట్టు. అప్పుడే ‘మెర్జ్’ను ‘ఎఫ్‌ఎఫ్ ఓన్లీ’తో నడుపు. నీ బ్రాంచీ, అవతలి బ్రాంచీ చెరో దారి పట్టి ఉంటే అది తనంతట తానే నిరాకరిస్తుంది. ఆ నిరాకరణే నీకు రక్ష. దాన్ని దాటడానికి ‘రీసెట్ హార్డ్’ రాయకు.

ఒక మినహాయింపు ఉంది. కెర్నెల్‌లోకి తర్వాత రాబోయే మార్పులను ముందే కలిపి చూసే, 2008లో మొదలైన ‘లినక్స్-నెక్స్ట్’ రిపోను పని దినాల్లో దాదాపు రోజూ కొత్తగా కడతారు. నిన్నటి చరిత్ర మీద నేటిది నిలవదు, అందుకే అక్కడ పుల్ కుదరదు. దానికి ఫెచ్‌తో ఆపి, చదవాలనుకున్నప్పుడు ఆ రోజు తేదీ ఉన్న ట్యాగ్ నుంచి కొత్త బ్రాంచీ తీసుకో. నీ జాబితాలో ప్రతి రిపో పక్కన అది ‘ఫెచ్’ రకమో, ‘మెర్జ్’ రకమో రాసి పెట్టు.

ఒక రిపో విఫలమైతే మిగతావి ఆగకూడదు. ఒక్కో రిపో పనిని ఒక ఫంక్షన్‌లో పెట్టి ‘ఇఫ్’లో పిలువు. ఇక్కడొక చిక్కుంది. ఏ కమాండ్ విఫలమైనా స్క్రిప్టును ఆపే ‘సెట్ మైనస్ ఈ’, అలా పిలిచిన ఫంక్షన్ లోపల పనిచేయదు. కాబట్టి ప్రతి ముఖ్యమైన అడుగు దగ్గర, అది విఫలమైతే అక్కడే వెనక్కి రావాలని నువ్వే రాయాలి. విఫలమైన పేర్లన్నీ పోగుచేసి చివర్లో చూపించి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ముగించు.

రోజూ చెప్పిన వేళకు దానంతట అదే నడిచేలా క్రాన్‌లో పెట్టేముందు ఇంకొంచెం జాగ్రత్త. క్రాన్‌కి నీ టెర్మినల్‌లోని ‘పాత్’ ఉండదు, పాస్‌వర్డ్ అడిగితే జవాబిచ్చేవాళ్లూ ఉండరు. ‘గిట్ టెర్మినల్ ప్రాంప్ట్’ వేరియబుల్‌ను సున్నా చేస్తే గిట్ టెర్మినల్లో అడగడం మాని విఫలమవుతుంది. నిన్నటిది ముగియకముందే నేటిది మొదలవకుండా ‘ఎఫ్‌లాక్’ వాడు.

ఇదంతా ఎందుకంటే, స్క్రిప్టు నువ్వు చూడనప్పుడు నీ తరఫున నిర్ణయాలు తీసుకుంటుంది. అనుమానం వచ్చిన చోట ఆగి నిన్ను అడగడమే దానికి నువ్వు నేర్పాల్సిన మొదటి గుణం. వేగం ఆ తర్వాత.

రాశాక ఇలా పరీక్షించు. ఖాళీ ఫోల్డర్‌లో నడుపు, అన్నీ క్లోన్ అవ్వాలి. వెంటనే మళ్లీ నడుపు, మార్చాల్సింది దాదాపు ఏమీ ఉండకూడదు. తర్వాత ఒక ఫైలులో ఒక లైను మార్చి, కమిట్ చేయకుండా మూడోసారి నడుపు. ఆ లైను అక్కడే ఉండి, స్క్రిప్టు ఆ రిపో పేరు చెప్పి పక్కకు తప్పుకుంటే, అప్పుడు క్రాన్‌లో పెట్టు. ఈ మూడూ నెగ్గిన స్క్రిప్టును నాకు పంపు, ఒక్కో లైనూ కలిసి చూద్దాం.

ఇట్లు,
నీ పెదనాన్న