మూడు ప్లస్సంటే భయం కాదు చెల్లీ

చెల్లీ, పొయ్యి సిమ్‌లో పెట్టి కాసేపిలా కూర్చో. పోయినేడు మా చిన్నాడపడుచు రొమ్ములో గడ్డకు బయాప్సీ చేయించుకుని, రిపోర్టు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. క్యాన్సరేనని రాసి ఉంది. కింద 'హెర్2: 3+' అని ఉంది. "మూడు ప్లస్సంటే మూడో స్టేజీయా వదినా?" అంది. చేతిలో కాగితం వణుకుతోంది.

స్టేజీ కాదమ్మా అది. క్యాన్సర్ కణాల పైన హెర్2 అనే ప్రోటీను ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా ఉందని గుర్తు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఐదారుగురిలో ఒకరికి ఇలా ఉంటుంది. పెరగమని కణాన్ని తరిమేది ఆ ప్రోటీనే. సరిగ్గా దాన్నే వెతికి పట్టుకునే మందు 1998 నుంచీ ఉంది, ట్రాస్టుజుమాబ్ అని.

మందు పేరు చివర 'మాబ్' అని ఉంటే అది మోనోక్లోనల్ యాంటీబాడీ. జబ్బు చేస్తే మన ఒళ్ళు రకరకాల యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది కదా. వాటిలో ఒక్క రకాన్నే కావలసినంత తయారుచేసే దారి 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు. యాంటీబాడీ చేసే కణాన్ని, ఎంతకీ చావని క్యాన్సర్ కణంతో కలిపేశారు. క్యాన్సర్ మొండితనాన్నే మందు పనికి వాడుకున్నారు చూడు! 1984లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ఇలాంటిదే ఇంకో మందు, లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడే రిటుక్సిమాబ్‌ను 2007లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తక్కువ ధరకు తెచ్చింది.

హెర్2కి సరిగ్గా సరిపోయే మందు ఉంది కాబట్టే చెబుతున్నా, మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ అని తేలితే "హెర్2 ఎంత వచ్చింది డాక్టర్‌గారూ?" అని తప్పకుండా అడుగు. 2+ అని వస్తే తేలనట్టే, ఫిష్ అనే ఇంకో పరీక్ష ఉంటుంది. ట్రాస్టుజుమాబ్ కొందరికి గుండెను బలహీనపరుస్తుంది. మొదలుపెట్టే ముందూ, మధ్యమధ్యా ఎకో తీయించాల్సిందే. ఆయాసం, కాళ్ళ వాపు కనిపిస్తే దాచుకోవద్దు.

మా ఆడపడుచుకూ ఆ మందే మొదలుపెట్టారు. మొదటిసారి సెలైన్‌లో ఎక్కించిన రోజు తనకు చలి, వణుకు వచ్చాయి. నర్సమ్మ చుక్కల వేగం తగ్గించి దుప్పటి కప్పింది, గంటలో సర్దుకుంది. తర్వాత అలా రాలేదు. మూడు వారాలకొకసారి, ఏడాది పాటు. వంటింటి క్యాలెండర్‌లో వెళ్ళొచ్చిన ప్రతి తేదీ మీదా పసుపు బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. ఇంకొక్క తేదీ మిగిలింది. ఆ బొట్టు నన్నే పెట్టమంది.