విప్పేముందు వెతుకు

గుడివాడ,
ఆదివారం.

చిరంజీవి బుజ్జికి మావయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వింటే మనసు కలుక్కుమంది. వానలో నడిరోడ్డు మీద బండి ఆగిపోవడం, తోసుకుంటూ ఇల్లు చేరితే గదిలో ఫ్యాను తిరగకపోవడం, ఎలక్ట్రీషియను ఫోను ఎత్తకపోవడం... ఒక్క రాత్రే అన్నీ నీ మీద పడ్డాయి. అయినా చివర్లో నువ్వు "ఇవన్నీ నాకూ నేర్పు మావయ్యా" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో చెప్పింది మర్చిపోతాం. కాగితం అయితే పని చేసేటప్పుడు పక్కన పెట్టుకోవచ్చు.

నేను పదిహేడేళ్ల వయసులో ఓ మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాను. ఒకరోజు ఓ రైతు మోటారు సైకిలు తెచ్చాడు. రెండు మూడు కిలోమీటర్లు బాగానే పోతుంది, తర్వాత ఆగిపోతుంది, కాసేపు ఊరుకుంటే మళ్లీ స్టార్టవుతుంది. నేను వెంటనే కార్బురేటరు విప్పేశాను. జెట్లు కడిగి, ఊది, బిగించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ట్రయలుకు తీసుకెళ్తే మళ్లీ అంతే దూరంలో ఆగిపోయింది. అప్పుడు మా గురువుగారు వచ్చారు. పానా ముట్టుకోలేదు. ఆ రైతును మూడు ప్రశ్నలు అడిగారు: ఎప్పుడు ఆగుతోంది? ఆగేముందు ఏం జరుగుతోంది? మళ్లీ ఎలా కదులుతోంది? విని, పెట్రోలు ట్యాంకు మూత తిప్పారు. సుయ్‌మంటూ గాలి లోపలికి పోయింది. మూతలో సన్నటి గాలిరంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని పొలం మట్టి పూడ్చేసింది. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా? రాకపోయేసరికి పెట్రోలు దిగడం మానేసింది. గుండుసూదితో మట్టి తీసేశారు. పని అయిపోయింది.

"రోగి తన బాధ చెప్పుకుంటుంటే నువ్వు కత్తి పట్టుకున్నావురా" అన్నారు. నలభై ఏళ్లుగా ఆ మాట నా చేతిని పట్టి ఆపుతూనే ఉంది. నీకూ అదే మొదటి పాఠం. ఏది ఆగిపోయినా ముందు ఆ మూడు ప్రశ్నలు వేసుకో. తేలికైనవి ముందు చూడు, విప్పాల్సినవి ఆఖర్న చూడు.

ఇప్పుడు నీ బండి సంగతి. నీళ్లలో ఆగిన బండికి వెంటనే సెల్ఫు కొట్టకూడదు. గాలి పీల్చే దారిలోంచి నీళ్లు ఇంజిన్లోకి వెళ్లి ఉంటే పిస్టన్ పైకి లేచేటప్పుడు ఆ నీళ్లను నొక్కాలి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వందల్లో పోయే ఖర్చు వేలకు పాకుతుంది. అందుకే బండిని పొడి చోటికి తోసుకెళ్లి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూడు. ఎయిర్ ఫిల్టరు దాకా వచ్చాయనిపిస్తే స్టార్ట్ చేయకుండా మెకానిక్ దగ్గరికి చేర్చు.

అంత లోతు లేదనుకో, అప్పుడు వరసగా చూడు. పెట్రోలు ఉందా? ఇంజిన్ ఆపే స్విచ్ పొరపాటున నొక్కుకుపోయిందా? సైడ్ స్టాండు పైకి ఉందా? చాలా కొత్త బండ్లు స్టాండు దించి ఉంటే స్టార్ట్ కావు. బ్రేకు పట్టుకునే సెల్ఫు నొక్కుతున్నావా? ఇవన్నీ సరిగ్గా ఉంటే తాళం తీసేసి, స్పార్క్ ప్లగ్గు మీది రబ్బరు టోపీని లాగి, లోపల తడి ఉంటే పొడిగుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా నొక్కు. వానలో ఆగిన బండ్లు చాలావాటికి ఇంతే మందు. సెల్ఫు నాలుగైదు సెకన్లకు మించి నొక్కకు, కాసేపు ఆగి మళ్లీ నొక్కు. లేకపోతే బ్యాటరీ కూడా పడుకుంటుంది.

ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు ప్లగ్గు విప్పి చూపించమని అడుగు. అరచేతిలో పెట్టుకుని దాని ముక్కు చూడు. కాఫీపొడి రంగులో ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువై సరిగా కాలడం లేదు. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది కానీ మండలేదు. ఇంజిన్ ఎంత తిప్పినా పొడిగానే ఉంటే పెట్రోలే రావడం లేదు. వేలెడంత ముక్క ఇంజిన్ కడుపులోని సంగతంతా చెబుతుంది.

ఇక ఫ్యాను. అదే బోర్డు మీది లైటు వెలుగుతోందన్నావు, అంటే కరెంటు వస్తోంది. స్విచ్ వేస్తే సన్నగా మూలుగుతోందన్నావు, అంటే ఫ్యాను దాకా అందుతోంది. స్విచ్ తీసేసి, రెక్కను చేత్తో తిప్పి చూడు. బిగుసుకుపోతే బేరింగు. తేలిగ్గా తిరిగితే స్విచ్ వేసి, దూరం నుంచి కర్రతో ఒక తోపు తోయి. అప్పుడు తిరగడం మొదలుపెడితే చాలావరకు కండెన్సరే పోయి ఉంటుంది. ఇంటికొచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఫ్యానును ఇటు తోయాలో అటు తోయాలో తేల్చుకోలేదు. కండెన్సరు రెండో వైండింగుకు పోయే కరెంటును కాస్త ముందుకు జరుపుతుంది. ఒకదాని వెంట ఒకటి పడే ఆ రెండు తోపులతోనే ఫ్యాను కదులుతుంది.

మార్చడం నీవల్ల అవుతుంది. స్విచ్ ఒక్కటే కట్టేస్తే చాలదు, మెయిన్ దించు. కొన్ని ఇళ్లలో ఫేజు, న్యూట్రలు తారుమారై ఉంటాయి. ఫ్యాను పైనున్న కప్పు దించగానే వైర్లను ఫోన్లో ఫొటో తీసుకో. టెస్టరు పనిచేస్తోందో లేదో మెయిన్ దించకముందే మరో ప్లగ్గులో చూసుకుని, తర్వాత వైరు మీద పెట్టు. పాత కండెన్సరు రెండు కొసలూ ఒకేసారి ముట్టుకోకు, దానిలో కరెంటు నిలవ ఉండొచ్చు. ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరుతో ఆ రెండు కొసలనూ ఒకసారి కలిపి తీసెయ్యి. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అనో మరొకటో రాసి ఉంటుంది. అదే అంకె ఉన్నది తెచ్చి వెయ్యి. స్పీడు పెరుగుతుందని పెద్దది వేయమంటారు, వినకు, వైండింగు వేడెక్కుతుంది. స్టూలు ఎక్కినప్పుడు కింద ఒకరు పట్టుకుని ఉండాలి. ఒంటరిగా ఉన్న రోజు ఆ పని పెట్టుకోకు.

కుళాయి కారుతుంటే ముందు గేట్ వాల్వు కట్టేసి, లోపలి వాషరు చూడు. చాలాసార్లు అరిగిన ఆ రబ్బరు బిళ్లే కారణం. మెయిన్ ఎంసీబీ పదే పదే పడిపోతుంటే మిగతావన్నీ దించి, మెయిన్ ఎత్తి, ఒక్కొక్కటీ ఎత్తు. ఏది ఎత్తగానే మెయిన్ పడిపోతుందో తప్పు ఆ లైనులో ఉంది. పాత ఇళ్లలో ఫ్యూజు పోయిందని లావు తీగ చుడతారు. అలా ఎన్నడూ చేయకు. కాలిపోయేందుకే ఆ సన్నతీగను పెట్టారు. అది కాలకపోతే గోడలో వైరు కాలుతుంది.

చెయ్యి పెట్టకూడని చోట్లు కూడా తెలియాలి. గ్యాసు వాసన వస్తే సిలిండరు రెగ్యులేటరు ఆపి, తలుపులు, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి గ్యాసు ఎమర్జెన్సీ నంబరు 1906కు ఫోన్ చెయ్యి. ఏ స్విచ్చూ వేయకు, తీయకు. మైక్రోవేవ్ ఓవెను విప్పకు, ప్లగ్గు పీకినా దాని లోపలి కండెన్సరు ప్రాణం తీయగలదు. బ్రేకుల మీద ప్రయోగాలు చేయకు. 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు సెన్సర్ల మీద నడుస్తున్నాయి. మీటర్లో ఇంజిన్ బొమ్మ వెలిగి ఆరకపోతే సర్వీసు వాళ్లకే చూపించు. అలా వదిలేయడం ఓటమి అనుకోకు. ఎక్కడ ఆగాలో తెలియడం పనితనంలో సగం.

మెకానిక్ పని చేస్తుంటే ఫోను చూస్తూ కూర్చోకు. పక్కన నిలబడి, ఏం పోయింది, ఎలా తెలిసింది అని మర్యాదగా అడుగు. పని మీద ప్రేమ ఉన్నవాడు సంతోషంగా చెబుతాడు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, లక్షణం, దొరికిన కారణం రాసుకో. టెస్టరు, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, ఇన్సులేషన్ టేపు, టెఫ్లాన్ టేపు, టార్చిలైటు, ఇవి ఒక డబ్బాలో పెట్టుకుంటే ప్రస్తుతానికి చాలు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసేసిన కండెన్సరు పారేయకుండా తీసుకురా. వసారాలో అమ్మమ్మ టేబుల్ ఫ్యాను ఆగిపోయి నెలయింది. నేను విప్పలేదు, నీ కోసం అలాగే ఉంచాను. ఎప్పుడు ఆగింది, ఆగేముందు ఏమైంది, అమ్మమ్మను నువ్వే అడుగుదువుగాని. స్క్రూడ్రైవరు ఆ తర్వాతే చేతికిస్తాను.

నీ
మావయ్య