తలతన్యత

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• తలతన్యత అంటే ఏమిటో వివరించగలరు;
• నీటి చుక్క గుండ్రంగా ఉండటానికి కారణం చెప్పగలరు;
• సబ్బు తలతన్యతను ఎలా తగ్గిస్తుందో తెలుపగలరు.

కృత్యం: పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన మిరియాల పొడిని పలుచగా చల్లండి. వేలికొనకు కొద్దిగా సబ్బు రాసుకొని నీటి మధ్యలో తాకించండి. పొడి ఒక్కసారిగా అంచులకు జరుగుతుంది. ఎందుకని?

1. తలశక్తి

నీటి లోపల ఉన్న అణువును చుట్టూ ఉన్న అణువులు అన్నివైపులా సమానంగా ఆకర్షిస్తాయి. ఉపరితలం మీది అణువుకు పైవైపున అటువంటి తోడు లేదు. అందువల్ల దాని శక్తి లోపలి అణువు శక్తికంటే ఎక్కువ. ఉపరితలాన్ని పెంచాలంటే లోపలి అణువులను పైకి తేవాలి. అందుకు పని చేయాలి. స్థిర ఉష్ణోగ్రత వద్ద ప్రమాణ వైశాల్యం గల కొత్త ఉపరితలాన్ని ఏర్పరచడానికి కావలసిన కనీస పనిని తలతన్యత అంటారు. 20° సెల్సియస్ వద్ద శుద్ధమైన నీటికి ఇది చదరపు మీటరుకు సుమారు 0.073 జౌళ్ళు.

శక్తి తగ్గే దిశలోనే మార్పు దానంతటది జరుగుతుంది. ఒకే ఘనపరిమాణం గల ఆకారాలలో గోళానికి ఉపరితల వైశాల్యం అతి తక్కువ. అందుకే తామరాకు మీది చిన్న చుక్క దాదాపు గుండ్రంగా ఉంటుంది.

2. సబ్బు చేసే పని

సబ్బు అణువుకు ఒక కొన నీటిని కోరుతుంది, రెండవ కొన నీటికి దూరంగా ఉంటుంది. కనుక అది ఉపరితలానికి చేరి తలతన్యతను తగ్గిస్తుంది. కృత్యంలో సబ్బు పొడిని తోసివేయలేదు. మధ్యలో లాగే బలం తగ్గింది. అంచులవైపు నీరు ఎక్కువ బలంతో ఉపరితలాన్ని పొడితో సహా తనవైపు లాక్కుంది.

3. ఇంటిలో జరిగిన పరిశోధన

పలుచని జిడ్డు పొర కూడా తలతన్యతను మారుస్తుందా? దీనిని కొలిచినవారు జర్మనీకి చెందిన ఆగ్నెస్ పోకెల్స్ (1862–1935). ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలలో స్త్రీలకు ప్రవేశం లేదు. ఆమె ఇంటి పనులు చూసుకొంటూ, తమ్ముని పుస్తకాలతో భౌతికశాస్త్రం నేర్చుకొన్నారు. రేకు తొట్టినిండా నీరు పోసి, అడ్డంగా పెట్టిన రేకు పట్టీని జరుపుతూ నీటిపై పొరను కుదించారు. పొర విస్తరించి ఉన్నంతవరకు తలతన్యత దాదాపు మారలేదు. ఒక హద్దు దాటి కుదిస్తే వేగంగా తగ్గింది. 1891లో ఆమె ఈ ఫలితాలను శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరంగా రాశారు. ఆయన చొరవతో అది ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. ఆమె చదువుకు కళాశాల లేదు. కొలత మాత్రం సరైనది.

పాఠగత ప్రశ్నలు
1. రెండు నీటి చుక్కలు ఒకటైతే మొత్తం తలశక్తి పెరుగుతుందా, తగ్గుతుందా?
2. 20° సెల్సియస్ వద్ద 2 చదరపు మీటర్ల కొత్త నీటి ఉపరితలానికి ఎంత పని కావాలి?

జవాబులు: 1. తగ్గుతుంది, మొత్తం వైశాల్యం తగ్గుతుంది కనుక. 2. సుమారు 0.146 జౌళ్ళు.