ఫ్యూజు మార్చే ముందు కారణం వెతకాలి
ఒక ఆటో ఎలక్ట్రీషియన్ అనుభవ పాఠాలు

పరకాల నుంచి భూపాలపల్లి పోయే తోవలో చెల్పూరు దగ్గర బొగ్గు లారీల రాకపోకలకు తెరిపి ఉండదు. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లున్న కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఇక్కడే ఉంది. ఈ రోడ్డు మీదే నేను కార్ల వైరింగ్ పని చేస్తూ ముసలివాణ్నయ్యాను. ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి పాత ఎంపీఎఫ్ఐ బండ్లు, అంటే పెట్రోలు ఇంజెక్షన్‌వి: మారుతి 800, జెన్, ఎస్టీమ్, శాంత్రో. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగింది. అయినా సార్లూ సింగరేణి కార్మికులూ వాటిని వదులుకోరు. పదిహేనేళ్లు నిండగానే ఆర్సీ రెన్యువల్ చేయించి, మళ్లీ ఐదేళ్లు కడుపులో పెట్టుకుని చూసుకుంటారు. ఆ బండ్లు దారిలో ఆగిపోకుండా, నిప్పు అంటుకోకుండా ఉండాలంటే పని నేర్చుకునే పిల్లలకు ఈ సంగతులు తెలిసి తీరాలి.

1. ఫ్యూజు కాపాడేది వైరును

హారన్‌ను కాపాడడానికో, లైటును కాపాడడానికో ఫ్యూజు పెట్టారని చాలామంది అనుకుంటారు. అది వైరు కోసం పెట్టింది. వైరు ఎంత కరెంటును వేడెక్కకుండా మోయగలదో చూసి, అంతకు తక్కువలో తెగిపోయే ఫ్యూజు పెడతారు. 15 ఆంపియర్ల చోట 30 పెట్టినా, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టినా, ఈసారి తెగాల్సిన వంతు వైరుది అవుతుంది. ఆ వైరు పక్కనే పెట్రోలు పైపు ఉండొచ్చు. థర్మల్ కేంద్రంలో రిలే ట్రిప్ కొడితే ఇంజనీర్లు లోపం ఎక్కడుందో తేల్చాకే మళ్లీ చార్జ్ చేస్తారు. ట్రిప్ కొట్టకూడదని సెట్టింగ్ పెంచరు. కారుకూ అదే నీతి.

2. రంగులు కంఠతా పట్టు, కానీ మూత మీది పట్టీనే నమ్ము

5 ఆంపియర్లది లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెలుపు, 30 ఆకుపచ్చ. బ్లేడ్ ఫ్యూజులకు ఎక్కడైనా ఇవే రంగులు. అయితే ఇరవై ఏళ్ల బండిలో ఇప్పుడున్న ఫ్యూజు కంపెనీ పెట్టిందే అనుకోవద్దు. ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏది దొరికితే అది గుచ్చారో తెలియదు. ఫ్యూజ్ బాక్సు మూత మీద, బండి పుస్తకంలో ఏ అంకె ఉందో చూసి అన్నీ సరిపోల్చు. కొత్తగా వచ్చిన ప్రతి పాత బండికీ ముందు చేయాల్సిన పని ఇదే.

3. పోయిన ఫ్యూజును పారెయ్యకు

దాన్ని వెలుతురులో పెట్టి చూడు. లోపలి తీగ నడుమ చిన్నగా కరిగి తెగితే, కొద్దికొద్దిగా ఎక్కువ కరెంటు లాగిందని అర్థం. లోపలంతా నల్లబడి, లోహం చిమ్మినట్టుంటే పెద్ద షార్ట్. తీగ బాగానే ఉండి పైన ప్లాస్టిక్ మెత్తబడి వంగితే, ఫ్యూజు కాళ్లు పట్టుకునే క్లిప్పు వదులైంది. అక్కడ కొత్త ఫ్యూజు ఎన్నిసార్లు పెట్టినా లాభం లేదు, క్లిప్పు మార్చాలి.

4. ఎంతసేపటికి పోయిందో అడుగు

బండి యజమానిని నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. 15 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు 16 ఆంపియర్లు దాటగానే తెగదు, గంటల తరబడి నిలుస్తుంది. 20 ఆంపియర్లు పారితే సెకనులో తెగొచ్చు, పది నిమిషాలూ పట్టొచ్చు. 30 పారితే ఐదు సెకన్లు దాటదు. కాబట్టి కీ తిప్పగానే పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది. పావుగంట నడిచాక పోతే మోటారో బల్బో ఎక్కువ లాగుతోంది. గుంతలో పడ్డప్పుడో, మలుపు తిరిగినప్పుడో పోతే కదిలే చోట వైరు ఒరుసుకుంటోంది. ఈ ఒక్క జవాబుతో సగం వెతుకులాట తప్పుతుంది.

5. ఫ్యూజు బదులు బల్బు పెట్టి వెతుకు

షార్ట్ దొరికేదాకా ఫ్యూజు మీద ఫ్యూజు కాల్చడం దండగ. ఫ్యూజు పీకేసి ఆ రెండు క్లిప్పుల మధ్య 12 వోల్టుల 21 వాట్ల బల్బు కలుపు. ఎంత షార్ట్ ఉన్నా ఆ బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు, వైరుకు భయం లేదు. బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టు. ఇప్పుడు ఆ ఫ్యూజు కిందికి వచ్చే సాకెట్లను ఒక్కొక్కటే ఊడదీస్తూ పో. ఏది తీస్తే బల్బు ఆరిపోయిందో ఆ కొమ్మలోనే లోపం. ఏదీ తీయకుండా వైరింగ్ కట్టను చేత్తో కదిలించినప్పుడు వెలుగు మినుకుమంటే, చెయ్యి ఉన్నచోటే టేపు విప్పు.

6. వైరు ఎక్కడ ఒరుసుకుంటుందో అక్కడ చూడు

డిక్కీ డోరు మడత, డ్రైవర్ డోరు సందు, ఇంజన్ గది నుంచి డాష్‌బోర్డులోకి వైర్లు దూరే రబ్బరు బుష్షు, సీటు కింది పట్టాలు: రబ్బరు ఎండి పగిలితే రేకు అంచు వైరును కోస్తుంది. పొలాల పక్కన, గడ్డివాము పక్కన నిలిపే బండ్లలో ఎలుకలు కొరికిన చోట్లు వెతుకు. ఆ తర్వాత బయట బిగించినవి చూడు: స్టీరియో, రివర్స్ హారన్, ఫాగ్ లైట్లు. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. వెలుగు చాలదని 100 వాట్ల బల్బులు రెండు వేస్తే దాదాపు 17. రెండింటికీ ఒకే 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే అది వెంటనే పోదు. ఈలోపు స్విచ్చీ, సాకెట్లూ మాడుతుంటాయి. ఎక్కువ వెలుగు కావాలంటే రిలే పెట్టి, లావు వైరు లాగి, దానికి వేరే ఫ్యూజు వేయాలి.

7. ఇంజెక్షన్ బండికి పంపు చప్పుడే నాడి

కార్బురేటర్ బండికి ఫ్యూజు పోతే లైట్లో, హారనో పోయేది. ఇంజెక్షన్ బండికి ఫ్యూజు పోతే ఇంజనే ఆగుతుంది. కీ ఆన్ చేసి చెవి పెట్టు. వెనక ట్యాంకులోంచి రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మనాలి. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఈ చప్పుడు లేకపోతే పంపు ఫ్యూజు, రిలే, సాకెట్ వరుసగా చూడు. ఫ్యూజు పదే పదే పోతుంటే పంపు లాగే కరెంటును మీటరుతో కొలువు. ఫిల్టరు మూసుకుపోతే పంపు ఒత్తిడికి ఎదురీదుతూ ఎక్కువ లాగుతుంది. పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, కాబట్టి ట్యాంకు అడుగంటే దాకా నడపొద్దని యజమానికి చెప్పు. ఇంకొక దొంగ చోటుంది: ఆక్సిజన్ సెన్సార్ వైరు. క్లిప్పు ఊడి సైలెన్సర్ పైపుకు తగిలితే తోలు కరిగి, సెన్సార్ హీటర్ ఫ్యూజు కొట్టేస్తుంది. కొన్ని బండ్లలో అదే ఫ్యూజు మీద ఇంకా ముఖ్యమైనవీ ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు నడిచి, వేడెక్కాక ఆగే బండిలో అక్కడ తప్పక చూడాలి.

8. కంప్యూటర్ జోలికి పోయేటప్పుడు జాగ్రత్త

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకొద్దు. ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి ఈసీఎంను, అంటే ఇంజన్ కంప్యూటర్‌ను, కాల్చేయొచ్చు. ఈసీఎం నుంచి వచ్చే సన్న వైర్లకు బల్బు టెస్టర్ పెట్టొద్దు, డిజిటల్ మీటరే వాడు. పెట్రోలు పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు తీసేసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపించు, లైనులో ఒత్తిడి తగ్గుతుంది.

9. ఫ్యూజు బాగున్నంత మాత్రాన కరెంటు వచ్చినట్టు కాదు

ఫ్యూజు పీకకుండానే దాని నెత్తి మీది రెండు చుక్కల దగ్గర టెస్టర్ పెట్టు. రెండు వైపులా వెలిగితే ఫ్యూజు దాకా బాగుంది, ఇక ఎర్త్ చూడు. మా దగ్గర బొగ్గు ధూళి, బూడిద ఎక్కడ సందుంటే అక్కడ చేరతాయి. వాన పడితే తేమ పట్టి ఎర్త్ బోల్టు కింద తుప్పు మొదలవుతుంది. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, బిగించి, గ్రీజు పుయ్యి. వానాకాలం ముందు ప్రతి పాత బండికీ ఇది చేస్తే సగం మాయరోగాలు రావు.

10. కారణం చెప్పకుండా బండి అప్పగించకు

మేడారం జాతరకు తాడ్వాయి అడవిలోంచి, కాళేశ్వరానికి మహదేవపూర్ మీదుగా పిల్లాపాపలతో రాత్రిళ్లు పోతారు. అక్కడ ఆగితే సాయం దొరకడం కష్టం. అందుకే ఏ ఫ్యూజు పోయింది, ఎందుకు పోయింది, ఏం బాగు చేశావు, ఈ మూడూ కాగితం మీద రాసివ్వు. సరైన అంకెల ఫ్యూజులు రెండేసి డాష్‌బోర్డు అరలో పెట్టించు. కారణం దొరక్కపోతే ఆ మాటే చెప్పి బండిని షెడ్డులోనే ఉంచు బిడ్డా. పెద్ద ఫ్యూజు వేసి పంపించకు. మన కూలి పోయినా ఫర్వాలేదు, ఆ బండిలో ఎక్కేది ఒక కుటుంబం.