కాల్వ చివరి ఊరు హంసలదీవి: మంచినీరు రావాలి, ఉప్పునీరు పోవాలి

మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్ళని వాళ్ళు మన దివిసీమలో తక్కువ. సాగరసంగమంలో మునిగి, వేణుగోపాలస్వామిని దర్శించుకుని, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం. ఈసారి వెళ్ళినప్పుడు గుడి దగ్గరే ఆగకుండా పొలాల వైపు ఓ గంట నడిచి చూడండి. ఒక పక్క వరి చేను, దాని పక్కనే రొయ్యల చెరువు, ఆ పక్కన గడ్డి కూడా మొలవని తెల్లటి చెక్క కనిపిస్తాయి. మూడూ ఒకే ఊరి నేల. మూడూ ఒకప్పుడు ఒకే రకం మాగాణి అయి ఉండొచ్చు. తేడా అంతా నీళ్ళ దగ్గర వచ్చింది.

కోడూరు మండలంలోని ఈ ఊరు కృష్ణా డెల్టాకు చిట్టచివర ఉన్న ఊళ్ళలో ఒకటి. నాగాయలంక, కోడూరు, బందరు మండలాల్లో సముద్రం వైపున్న శివారు పల్లెలన్నిటి కథా దాదాపు ఇదే. గుడివాడ వైపు రైతుకు మురుగు బాధ ఉంటే ఉండొచ్చు గానీ, ఉప్పు బాధ ఇంతగా ఉండదు. అందుకని శివారు ఊరి పాఠం వేరే చదువుకోవాలి. ఆ పాఠం ఒక్క మాటలో చెప్పాలంటే, మంచినీరు వేళకు లోపలికి రావాలి, ఉప్పునీరు వేళకు బయటికి పోవాలి. ఈ రెండూ ఒక్క రైతు చేసుకోగలిగేవి కావు.

నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేసిన ఆనకట్టతో ఈ డెల్టా పుట్టింది. కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు దాన్ని కట్టించాడు. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. రెండు వైపులా కలిపి సుమారు 13 లక్షల ఎకరాలు ఈ కాల్వల కింద ఉన్నాయి. తూర్పు వైపు ఏలూరు కాల్వ, రైవస్ కాల్వ, బందరు కాల్వ, కృష్ణా తూర్పు గట్టు కాల్వ అని నాలుగు. దివిసీమకు నీరొచ్చేది ఈ చివరిదాని ద్వారానే. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయల మధ్య నేలే దివిసీమ. పాయను దాటించి కాల్వ నీటిని అవతలికి తెచ్చేది పులిగడ్డ అక్విడెక్టు.

అంటే, బ్యారేజి దగ్గర వదిలిన నీరు ఎందరి చేలో తడిపి, ఎన్ని తూములు దాటి, హంసలదీవి బోదెలోకి రావాలో ఊహించుకోండి. ఎగువన ఉన్నవాళ్ళు నారుమళ్ళు పోసి, దమ్ము చేసి, నాట్లు వేసుకునేదాకా శివారు రైతు ఆకాశం చూస్తూ కూర్చోవాలి. కాల్వలో గుర్రపుడెక్క, తూటాకు పేరుకుంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

ఈ ఆలస్యం ఖరీదెంతో చూడండి. నీళ్ళు మూడు వారాలు ఆలస్యమైతే నాటు మూడు వారాలు వెనక్కి పోతుంది. నాటు వెనక్కి పోతే కోత నవంబరు చివరికో డిసెంబరుకో పోతుంది. అది తుపాన్ల కాలం. కోత వెనక్కి పోతే మినుము చల్లడం వెనక్కి పోతుంది, దిగుబడి పడిపోతుంది. మినుము పోతే వేసవిలో నేల బోడిగా ఎండుతుంది, కింద ఉన్న ఉప్పు పైకి తేలుతుంది. ఒక్క తడి ఆలస్యానికి ఒకటి కాదు, మూడు నష్టాలు.

ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోంది?

మొదటి దారి మురుగు కాల్వ. సముద్రానికి పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు మురుగు కాల్వల గుండా ఎదురెక్కుతుంది. అది లోపలికి రాకుండా కాల్వ ముఖద్వారాల దగ్గర స్లూయిజులు కట్టారు. పోటుకు తలుపు మూసుకోవాలి, ఆటుకు తెరుచుకుని మురుగును వదిలేయాలి. తలుపు తుప్పు పట్టి చిల్లు పడినా, చెత్త అడ్డం పడి మూసుకోకపోయినా మీ చేలోకి సముద్రమే వస్తుంది. అందుకే శివారు ఊరికి పంట కాల్వ తూము ఎంత ముఖ్యమో మురుగు కాల్వ తలుపు కూడా అంతే ముఖ్యం.

రెండో దారి నేల కింద. మన దగ్గర మంచినీరు ఉప్పునీటి మీద మీగడలా తేలుతూ ఉంటుంది. మీగడ తోడేస్తే కింది నీరు పైకొస్తుంది. మంచినీటి మట్టం ఒక్క అడుగు తగ్గితే, కింద ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి లేస్తుందని భూగర్భ జల శాస్త్రం లెక్క కట్టింది. కాబట్టి వేసవిలో ఫిల్టర్ పాయింటుకు పెద్ద మోటారు బిగించి రాత్రింబవళ్ళు తోడడం మన గొయ్యి మనం తవ్వుకోవడమే. తోడక తప్పకపోతే కొద్దికొద్దిగా, మధ్యలో విరామం ఇస్తూ తోడండి.

మూడో దారి పక్క చెరువు. ఉప్పునీటి రొయ్యల సాగు 1990ల నుంచీ మన తీరంలో పెరిగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వా సంస్థ చట్టం వచ్చాయి. వ్యవసాయ భూమిని రొయ్యల చెరువుగా మార్చకూడదని ఆ మార్గదర్శకాల్లో ఉంది. అయినా రెండెకరాల రైతుకు వరి మీద మిగిలేది చూస్తే, చెరువుకిచ్చే కౌలు ఎక్కువగా కనపడుతుంది. ఆయన్ను తప్పుపట్టలేం. కానీ చెరువులోంచి ఊరే ఉప్పు పక్క రైతు చేలోకి దిగుతుంది. రెండు పంటల్లో దిగుబడి పడిపోతే ఆ రైతూ చెరువుకే ఇస్తాడు. ఇలా ఒకరి వెనక ఒకరు పోతే చివరకు ఊళ్ళో వరి నారుమడికి చోటు మిగలదు, కూలికి పనీ మిగలదు.

ఈ మూడూ రోజువారీ దారులు. నాలుగోది ఎప్పుడో ఒకసారి వచ్చేది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన మన పెద్దవాళ్ళకు నిన్నటి మాటలాగే ఉంటుంది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వేల ప్రాణాలు పోయాయి. అల వెనక్కి పోయాక చేలల్లో ఉప్పు మిగిలింది. అలాంటి నేలను మళ్ళీ దారికి తెచ్చే మందు ఒక్కటే, వాననీరు, కాల్వ నీరు. ఇప్పుడు కూడా మన మందు అదే. సముద్రం వైపు మడ అడవి ఉంటే అల జోరు తగ్గుతుంది. వంట చెరకు కోసం మడ కొట్టడం కరకట్టకు గండి పెట్టుకోవడం లాంటిది.

మీ చేలో ఏ చౌడు?

చౌడు అనగానే జిప్సం కొనకండి. చౌడు రెండు రకాలు. ఎండాకాలం నేల మీద తెల్లగా ఉప్పు పేరుకునేది పాల చౌడు. నల్లగా, తడిస్తే జిడ్డుగా, ఎండితే రాయిలా అయ్యేది కారు చౌడు. కంటి చూపు మీద ఆధారపడకుండా మట్టి పరీక్ష చేయించండి. వేసవిలో మంచి చెక్కది విడిగా, చౌడు చెక్కది విడిగా మట్టి తీయండి. కాగితం మీద ఈ.సి. అనే అంకె 4 దాటితే పాల చౌడు. పి.హెచ్. 8.5 దాటితే కారు చౌడు అని అనుమానించాలి. జిప్సం పనిచేసేది కారు చౌడుకు. ఎంత వేయాలో పరీక్ష చేసినవారే చెబుతారు.

సముద్రం పక్కన ఎక్కువగా కనపడేది పాల చౌడు. దానికి డబ్బు ఖర్చు తక్కువ, ఓపిక ఖర్చు ఎక్కువ. చెక్కను చిన్న మళ్ళుగా చేసి, గట్లు గట్టి చేసి, నాలుగైదు అంగుళాల మంచినీరు పెట్టండి. మూడు నాలుగు రోజులు నిలబెట్టి మురుగు కోడులోకి వదిలేయండి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. మురుగు కోడు పూడిపోయి ఉంటే మాత్రం ఎన్నిసార్లు నీళ్ళు పెట్టినా ఉప్పు మళ్ళీ అక్కడే దిగుతుంది. ముందు కోడు తీయించాలి, తర్వాతే నీళ్ళు.

తొలి వానలకు ఎకరానికి 10-12 కిలోల జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నండి. నాటేటప్పుడు 30-35 రోజుల ముదురు నారు వాడి, కుదురుకు 4-5 మొక్కలు పెట్టి, దగ్గర దగ్గరగా నాటించండి. లేత నారు ఉప్పుకు తట్టుకోదు. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోండి. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయొద్దు. రకం విషయంలో పక్క ఊరి మాట వినేకన్నా, చౌడును కొంతవరకు తట్టుకునే ఇంద్ర (ఎం.టి.యు. 1061), బందరు వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎం.సి.ఎం. 100 లాంటివి అర ఎకరంలో వేసి చూసుకోండి.

వరి తర్వాత మినుము

మినుము మనకు డబ్బు పంటే కాదు, నేలకు కప్పు కూడా. కోతకు రెండు మూడు రోజుల ముందు విత్తనం చల్లాలి. చేలో అడుగేస్తే ముద్ర పడాలి గానీ నీరు నిలవకూడదు. ఎకరానికి 16-18 కిలోలు కావాలి. పల్లాకు తెగులును తట్టుకునే ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104 లాంటి రకాలు ఎంచుకుని, విత్తనశుద్ధి చేసి చల్లండి. నవంబరు రెండో పక్షం నుంచి డిసెంబరు లోపు పడితేనే మంచు తేమ మీద పంట నడుస్తుంది. చౌడు చెక్కలో మాత్రం మినుము విత్తనం పారేసుకోకండి, మొలక రాదు. సందేహం ఉంటే ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ఒక్కరి వల్ల కాని పని

పదిహేడో శతాబ్దంలో డచ్చివారి ఓడల్లో బందరు గుడ్డలు వెళ్ళిన దీవులు ఇప్పటి ఇండోనేషియాలో ఉన్నాయి. అదే దేశంలో బాలి అనే దీవి ఉంది. అక్కడ ఒక కాల్వ కింద ఉన్న రైతులంతా కలిసి 'సుబాక్' అనే సంఘంగా ఉంటారు. కాల్వ దగ్గర గుడిలో కూర్చుని ఏ వాడ ఎప్పుడు నాటాలో, ఎప్పుడు నీరు కట్టేయాలో తేల్చుకుంటారు. ఇది వందల ఏళ్ళ పద్ధతి. 2012లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అందులో మనకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. చుట్టుపక్కల చేలన్నీ ఒకేసారి నాటి ఒకేసారి కోస్తే ఎలుకకూ పురుగుకూ మధ్యలో తిండి దొరకదు. అందరికీ నీళ్ళు ఒకేసారి అక్కర్లేకుండా వాడల మధ్య వంతు పెట్టుకుంటే శివారుకూ చేరతాయి.

మనకూ ఆ ఏర్పాటు లేకపోలేదు. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. 2024 డిసెంబరులో వాటికి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుడు ఎవరో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే తెలుసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో కాల్వ కట్టేసినప్పుడే పూడిక, గుర్రపుడెక్క, స్లూయిజు తలుపుల సంగతి రాతపూర్వకంగా అడగాలి. జూలైలో అడిగితే నీళ్ళలో రాత రాసినట్టే.

ఎలుకల మందు కూడా ఊరంతా ఒకే రోజు పెట్టాలి. 96 పాళ్ళు నూక, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలిన్ మందు కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో వేయండి. పిల్లలకూ పశువులకూ అందకుండా జాగ్రత్త. మీరొక్కరే పెడితే పక్క చేలో ఎలుకలు మీ చేలోకి కాపురం మారుస్తాయి.

తుపాను వస్తే...

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో కోసిన పనలు నీళ్ళలో తేలాయి. అలాంటప్పుడు ముందు మురుగు తీయండి. తడిసిన పనలు, పడిపోయిన వెన్నులు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయండి. కౌలు రైతులు ఇంకో పని మరవొద్దు. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం 11 నెలలకే చెల్లుతుంది, ఏటా తీసుకోవాలి. ఈ-పంటలో మీ పేరు ఎక్కిందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. పంట పోయాక పేరు ఎక్కించమంటే కుదరదు.

శివారు రైతు గుర్తుంచుకోవలసినవి

ఏప్రిల్, మే: మట్టి పరీక్ష, మురుగు కోడు పూడిక, స్లూయిజు తలుపు తనిఖీ.
జూన్: జీలుగ చల్లడం, నాట్ల వంతుపై ఊరంతా కూర్చోవడం.
జూలై, ఆగస్టు: చౌడు చెక్కలు కడగడం, ముదురు నారుతో నాట్లు, సామూహికంగా ఎలుకల మందు.
అక్టోబరు: మురుగు దారులు మరోసారి చూసుకోవడం, ఈ-పంట నమోదు సరిచూసుకోవడం.
నవంబరు, డిసెంబరు: మినుము చల్లడం, కోత, వాతావరణ వార్తలు.

హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తుంది, మంచిదే. సముద్రం మన చేలోకి రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పని. ఈ ఆదివారం మీ మురుగు కాల్వ గట్టు మీద చివరిదాకా నడిచి ఆ తలుపు మూసుకుంటోందో లేదో చూసి రండి.